తుల్యభాగ లాంచీకి మంజూరైన నిధులు

మార్చి 9

ఈ రోజు కూడా లాంచీ నడిసముద్రంలో ఆగిపోయింది. లాంచీ నడిపే సరంగు ధర్మరాజు బ్యాటరీ సెల్లు గదిలోకి దిగి, వేడెక్కిన వరసలన్నీ విప్పేసి, మిగిలిన వాటితో ఎలాగో కదిలించాడు. మధ్యాహ్నానికి రావలసిన జనం పొద్దు వాలాక రేవులో దిగారు. ఒక బాలింత, కంటి ఆపరేషనుకు వచ్చిన పెద్దాయన, నాచు బస్తాలతో మార్కెట్టుకు బయల్దేరిన ఆడవాళ్ళు. మార్కెట్టు అప్పటికే కట్టేశారు. బస్తాలు నా ఆఫీసు వరండాలో పెట్టించాను. రేపు ఆఫీసంతా నాచు వాసనే.

నేను మెట్టరేవు జలరవాణా అధికారిని. పేరు సత్యవేణి. హోదా గొప్పదే గానీ నా చేతికింద ఉన్నది ఒక్క లాంచీ, ఒక్క సరంగు. లాంచీ పేరు తుల్యభాగ. సముద్రం పైకొచ్చి కోనసీమను మింగేశాక, మునిగిపోయిన నదీపాయల పేర్లే లాంచీలకు పెట్టారు. మిగతావన్నీ ఒక్కొక్కటే తుక్కు కిందకు వెళ్ళిపోయాయి.

తుల్యభాగ తిరిగేది రేవుకూ దిమ్మలకూ మధ్య. పూర్వం సముద్రంలోంచి గ్యాసు తోడిన ఇనుప దిమ్మలవి. గ్యాసు అయిపోయి కంపెనీలు వదిలేసి పోతే, ఊళ్ళు పోయినవాళ్ళు కొందరు వాటి మీదకెక్కి కాపురాలు పెట్టారు. నాచు పెంచుతారు, చేపలు ఎండబెడతారు, ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసుకుని తాగుతారు. బియ్యానికీ, ఆసుపత్రికీ, పిల్లల పరీక్షలకీ మాత్రం గట్టుకు రావాల్సిందే. వాళ్ళకు చిన్న మోటారు పడవలున్నాయి గానీ, పసిపిల్లలతో, రోగులతో వాటిలో రావడం కష్టం.

ఇదంతా రాయమని నన్నెవరూ అడగలేదు. లాంచీ ఎంత దూరం తిరిగిందో యంత్రమే నమోదు చేసుకుంటుంది. ఆ బాలింత రేవులో దిగి ఎంతసేపు కూర్చుండిపోయిందో దానికి తెలియదు.

మార్చి 14

ఎస్తేరు వచ్చింది. దిమ్మల మీద అందరికీ పెద్ద ఆమే. వరద శిబిరంలో ఇద్దరం ఒకే రేకుల షెడ్డులో పెరిగాం. ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. తర్వాత నేను చదువుకుని గట్టున ఉండిపోయాను. ఆమె పెళ్ళాడి సముద్రం మీదకు వెళ్ళింది. అయినా రేవులో దిగితే ముందు నా ఆఫీసుకే వస్తుంది. కుర్చీలో కూర్చోదు, కిటికీ గూట్లో కూర్చుంటుంది.

"ఏమే సత్తేణీ, నీ లాంచీ మమ్మల్ని మోత్తందా, మేం నీ లాంచీని మోత్తన్నామా? మా సువార్తకి బత్తాలు మోసి నడుం పట్టేసిందే."

సువార్త ఆమె కోడలు. మంచినీళ్ళ యంత్రాలు చూసుకునేది ఆ అమ్మాయే.

"కొత్త సెల్లు అడుగుతూనే ఉన్నానే. జవాబు రాదు."

"అడిగితే ఇచ్చేత్తారేటే? ఎల్లి కూకోవాల. నువ్వు ఆఫీసరివి, నీకు కుర్సీ ఏత్తారు. నేనెల్తే గేటు కాడే ఆపేత్తారు."

నిజమే. వెళ్ళి కూర్చోవాలి. సెలవు పెట్టాను.

మార్చి 22

రాజధాని కొండ మీద ఉంది కాబట్టి తీగ మీద వేలాడే తీగబండి ఎక్కి వెళ్ళాను. శాఖలో నా ఫైలు చూసే అధికారి పేరు ప్రణవ్. నాకంటే చాలా చిన్నవాడు. మర్యాదస్తుడు. టీ తెప్పించాడు.

"రవాణా పద్దులో ఏమీ లేదు మేడం. మీ ఒక్కరికే కాదు, ఎవరికీ లేదు. సముద్ర భద్రత పద్దులో మాత్రం ఉంది. ఈ నెలాఖరుకు వాడకపోతే అది వెనక్కి వెళ్ళిపోతుంది."

"అందులోంచి లాంచీకి ఇవ్వలేరా?"

అతను తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "లాంచీ అంటే ఇవ్వలేను. కాపలా నౌక అంటే ఇవ్వగలను. ఉత్తరాన సెల్లు దొంగలు అలల కరెంటు కేంద్రాలను దోచుకున్నారు కదా. మీ తీరంలోనూ ఒక కేంద్రం ఉంది. దాని ముందు సముద్రంలో కావలి గీత వేయాలని ప్లాను. వరసగా బోయాలు తేలుతుంటాయి. అనుమతి టోకెను లేని పడవ వాటి దగ్గరకొస్తే మోటారు ఆగిపోతుంది. ఆ బోయాల ఆలనాపాలనా చూడ్డానికి ఒక నౌక కావాలి. అది మీ తుల్యభాగే ఎందుకు కాకూడదు?"

"జనాన్ని ఎక్కించుకోవచ్చా?"

"బోయాల పనికి పోగా మిగిలిన టైమంతా మీదే. అయితే కమిటీ ఒకటే అడుగుతుంది మేడం. మీ దగ్గర ప్రమాదం ఎక్కణ్ణుంచి అని. దానికి మీరు ఏదో ఒకటి చెప్పాలి."

మధ్యాహ్నం కమిటీ ముందు కూర్చున్నాను. అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ, మెత్తగా మాట్లాడుతుంది.

"దిమ్మల మీద ఎవరెవరు ఉంటున్నారో మీకు తెలుసా?" అని అడిగింది.

ప్రతి ఇంటివాళ్ళూ నాకు తెలుసు. ఎవరి బిడ్డ ఏ ఆసుపత్రిలో పుట్టిందో తెలుసు.

"తెలియదండి. ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో మా దగ్గర లెక్క లేదు" అన్నాను.

"చీకటి పడ్డాక పడవలు తిరుగుతాయా?"

"తిరుగుతాయండి."

దీపాల వెలుగులో కందవాయి చేపలు పట్టుకోడానికి తిరుగుతారు. ఆ మాట చెప్పలేదు. బల్లకు అటువైపు వాళ్ళంతా రాసుకుంటున్నారు. రాసుకోనిచ్చాను.

మంజూరైంది. కొత్త సెల్లు, కొత్త ఇంజను, పైకప్పు, రంగు. దిగి వచ్చేటప్పుడు తీగబండి స్టేషనులో కాజాలు కొన్నాను. కాకినాడ లేకపోయినా కాకినాడ కాజా పేరు పోలేదు. ఎస్తేరుకు ఇష్టం.

మే 30

తుల్యభాగ కొత్తదై నెల అయింది. మొదటి రోజు ధర్మరాజు తిప్పి తెచ్చి, రేవులో ఆపి, ముఖమంతా నవ్వుతో దిగాడు.

"సప్పుడే లేదండి మేడంగారు. నడుత్తందో లేదో తెలీక సెయ్యేసి సూసుకుంటన్నానండి!"

రోజుకు రెండు ట్రిప్పులు మొదలుపెట్టాం. పొద్దున వచ్చిన వాళ్ళు పని చూసుకుని సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతున్నారు. నా ఉద్యోగంలో ఇలాంటి వేసవి ఎప్పుడూ చూడలేదు.

బోయాలు కూడా వచ్చాయి. ఒక్కొక్కటి మనిషి ఎత్తు, పసుప్పచ్చ రంగు. వాటిని సముద్రం అడుగున కట్టడానికి ఈతగాళ్ళు కావలసి వస్తే, ఎస్తేరు కొడుకు, సువార్త భర్త అయిన యోబును పెట్టుకోమని నేనే చెప్పాను. దిమ్మల కాళ్ళకు పట్టిన గుల్లలు గీకడానికి రోజూ మునిగేవాడు. అడుగున ఏ తీగ ఎక్కడ కలుస్తుందో నెల తిరక్కుండా నేర్చేసుకున్నాడు. ఎస్తేరు లాంచీ అంచున నిలబడి కొడుకు పని చూస్తూ నన్నడిగింది.

"ఇయ్యన్నీ ఎవరి కోసమే?"

"ఉత్తరాన ఉన్న దొంగల కోసం."

"మాకేటీ అడ్డం రావు కదా?"

"మీరొచ్చేది లాంచీలో కదే. లాంచీకి అడ్డం లేదు."

నేను మళ్ళీ తెప్పించిన కాజా నోట్లో వేసుకుని తలూపింది. నా మాట మీద ఆమెకు అనుమానం వచ్చిన రోజు ఇంతవరకూ లేదు.

జూన్ 17

కావలి గీత పని మొదలుపెట్టింది. మొదటి రోజే రేవుకు వస్తున్న దిమ్మల పడవలు నాలుగు దాని దగ్గర ఆగిపోయాయి. తెడ్లు వేసుకుని దాటబోతే బోయా కూత పెట్టింది, గస్తీ డ్రోను వచ్చి నెత్తిన నిలబడింది. తుల్యభాగ వెళ్ళి వాటిని వెనక్కి లాక్కెళ్ళి వదిలింది.

దిమ్మల పడవలన్నింటికీ టోకెన్లు కావాలని రాశాను. నాలుగు రోజుల కింద జవాబొచ్చింది. టోకెనుకు గట్టు మీద చిరునామా ఉండాలట. దిమ్మల మీద ఉంటున్నవారు ఎవరన్నది తేలలేదు కాబట్టి ఇవ్వడం కుదరదట. తేలలేదనడానికి ఆధారం కూడా చూపించారు. మెట్టరేవు జలరవాణా అధికారి కమిటీ ముందు చెప్పిన మాట.

ప్రణవ్‌కు ఫోను చేశాను. "నేను చెప్పింది తప్పు. వాళ్ళందరూ నాకు తెలుసు. పేర్లు రాసి పంపుతాను" అన్నాను.

"పంపండి మేడం, నేను పెడతాను. కానీ ఒక చోటు ప్రమాదమని ఒప్పుకున్నాక, కాదని ఒప్పుకోడానికి విచారణ జరగాలి. అది నా చేతిలో లేదు. ఇంకోటి, మీ లాంచీ మంజూరు కూడా ఆ మాట మీదే నిలబడి ఉంది."

ఈ రోజు పేర్లు పంపాను. ఆలస్యంగా పంపాను అని ఇక్కడ రాసుకుంటున్నాను. లాంచీ పోతుందేమోనని మూడు రోజులు నా బల్ల మీదే ఉంచుకున్నాను.

ఆగస్టు 2

బోయాలకు గుల్ల పడుతోంది. గీకకపోతే వాటి కన్ను మసకబారుతుంది. గీకడం తుల్యభాగ పని, అదే ముందు చేయాలని ఉత్తర్వు. రెండు ట్రిప్పులు ఒకటయ్యాయి. ఇప్పుడు అది కూడా రోజు విడిచి రోజు. పాత లాంచీ ఆగుతూ ఆగుతూ అయినా రోజూ వెళ్ళేది.

దిమ్మల మీద బియ్యం తగ్గాయి. సువార్త యంత్రానికి వడపోత గుడ్డ కావాలంటే వారం పట్టింది. ఈలోగా పిల్లలకు విరేచనాలు. సొంత పడవలో ఆసుపత్రికి తెద్దామంటే గీత దాటదు.

ఈ రోజు ఎస్తేరు లాంచీ దిగి నేరుగా లోపలికి వచ్చింది. కిటికీ దగ్గరకు వెళ్ళలేదు.

"సత్తేణీ, ఒక్క మాట అడుగుతాను. గస్తీ కుర్రోడు అన్నాడు, దిమ్మల మీద ఎవరుంటన్నారో ఎవరికీ తెలీదని పైనోళ్ళకి మీ రేవు నుంచే సెప్పారంట. ఎవరే ఆ మాటన్నది? మార్కెట్టోళ్ళా?"

మార్కెట్టు వాళ్ళేనని చెప్పి ఉంటే నమ్మేది.

"నేనేనే ఎస్తేరూ" అన్నాను. "లాంచీ రావాలంటే ఏదో ఒకటి చెప్పాలన్నారు. ఇంత దాకా వస్తుందనుకోలేదు."

ఆమె కేకలేస్తే బాగుండేది. కొట్టినా బాగుండేది. చంకలో ఉన్న సంచి సర్దుకుని తలుపు వైపు తిరిగింది.

"లాంచీ మళ్ళీ ఎప్పుడొత్తాదండి?" అని అడిగింది.

అండి అంది. వెనక్కి తిరిగి ఎవరైనా వచ్చారేమోనని చూశాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"ఎల్లుండి" అన్నాను.

"సరేనండి" అని వెళ్ళిపోయింది.

అక్టోబరు 19

తుఫాను హెచ్చరిక వచ్చింది. రేపు సాయంత్రానికి తీరం తాకుతుందట. ఇలాంటప్పుడు దిమ్మల మీది జనాన్ని గట్టుకు తెచ్చి బడిలో ఉంచడం మాకు అలవాటే. పాత లాంచీతోనే చేసేవాళ్ళం.

ఈసారి ముందు గస్తీ పంటును లోపలికి లాక్కురమ్మని ఉత్తర్వు. డ్రోన్లు నిలబెట్టే, బల్లకట్టు లాంటి పెద్ద పంటు అది, గీత పక్కనే లంగరేసి ఉంటుంది.

ప్రణవ్‌కు ఫోను చేశాను. "ముందు జనాన్ని తెస్తాను, తర్వాత పంటు."

"పంటు పోతే వచ్చే ఏడాది మీకు ఏమీ రాదు మేడం. తుఫాను సాయంత్రం కదా. తెల్లారగానే పంటు తెచ్చేయండి, మధ్యాహ్నానికి జనాన్ని తెచ్చేయండి. టైముంది."

"గీతైనా ఆపించండి. వాళ్ళ పడవల్లో వాళ్ళొస్తారు."

"తుఫానప్పుడే దొంగలొస్తారని గీత అసలు ఆపరు. అయినా అడుగుతాను. నిజంగా అడుగుతాను మేడం."

టైముందన్న మాట నాకూ నమ్మాలనిపించింది. దిమ్మలకు రేడియోలో చెప్పాను, మధ్యాహ్నానికి వస్తామని. ఎస్తేరు జవాబిచ్చింది. "సరేనండి." అంతకు మించి ఒక్క మాట లేదు.

అక్టోబరు 22

మొన్న జరిగింది రాయాలి. నేనూ లాంచీలోనే వెళ్ళాను.

పంటు లంగరు రాళ్ళలో ఇరుక్కుంది. ధర్మరాజు ఎన్ని విధాల లాగినా రాలేదు. అది ఊడేసరికి ఆకాశం నల్లబడిపోయింది. తుఫాను చెప్పినదానికంటే ముందే వస్తోంది. పంటును కట్టుకుని రేవు వైపు తిరిగాం. ఈడుస్తుంటే లాంచీ నడక చీమ నడకలా ఉంది. అప్పుడు రేడియోలో సువార్త గొంతు వినిపించింది.

"లాంచీ... లాంచీ... మేం పడవల్లో బయల్దేరిపోయామండి. దిమ్మ ఊగిపోతంది. గీత కాడికొచ్చాం. మోటార్లు ఆగిపోయినాయండి. మా వల్ల కాట్లేదండి."

ధర్మరాజు చక్రం వదలకుండానే నా వైపు తిరిగాడు. "మేడంగారండీ, తాడు కోసేత్తన్నాను. నా మీద రాసుకోండి."

"నా మీదే రాసుకుంటాను. కొయ్యి."

పంటు గాలికి ఎటో కొట్టుకుపోయింది. మేం గీత వైపు వెళ్ళాం.

అలల మధ్య పడవలు పైకి లేస్తూ, కనబడకుండా పోతూ ఉన్నాయి. ఒకదానికొకటి తాళ్ళతో కట్టుకున్నారు. ఆడవాళ్ళు డబ్బాలతో నీళ్ళు తోడి పోస్తున్నారు. మగవాళ్ళు తెడ్లు వేస్తున్నారు. మేం తాడు విసిరాం. మొదటి పడవ అందుకుంది. పిల్లలను ముందు పైకి లాగాం. ఒక్కొక్క పడవను దగ్గరకు తేవడం గగనమవుతోంది. ఈలోగా చివర ఉన్నవి నీళ్ళతో నిండిపోతున్నాయి. ఫోనులో ప్రణవ్ అరుస్తున్నాడు, అడుగుతున్నాను మేడం, ఇంకా అనుమతి రాలేదు, లైన్లోనే ఉన్నాను అని.

చివరి పడవలో ఉన్నది యోబు. అతను లేచి నిలబడి మా వైపు చెయ్యి ఊపాడు. ఏదో అరిచాడు, గాలిలో వినబడలేదు. చొక్కా విప్పి దూకేశాడు. బోయా వైపు ఈదుతుంటే అర్థమైంది. బోయా తీగ అడుగున ఎక్కడ కలుస్తుందో తెలిసినవాడు అతనొక్కడే.

మునిగాడు. ఎస్తేరు అప్పటికే లాంచీ మీద ఉంది. అంచు పట్టుకుని ఆ చోటునే చూస్తోంది. నేను ఆమె నడుం గట్టిగా పట్టుకున్నాను, పడిపోతుందేమోనని. ఆమె నన్ను తోసేయలేదు. నేనున్న సంగతి కూడా ఆమెకు తెలుస్తున్నట్టు లేదు.

ఉన్నట్టుండి బోయా మీది ఎర్రదీపం ఆరిపోయింది. పడవల మోటార్లు ఒక్కొక్కటే మొరాయిస్తూ అందుకున్నాయి. జనం కేకలు పెట్టారు. మిగిలిన పడవలన్నీ గీత దాటి మా చాటుకు వచ్చేశాయి.

యోబు పైకి రాలేదు.

ధర్మరాజు ఆ చోటు చుట్టూ లాంచీని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. లాంచీ నిండా పసిపిల్లలున్నారు. చివరికి ఎస్తేరే అంది, "పోనియ్యి ధర్మరాజు. పిల్లలున్నారు. పోనియ్యి."

గీత ఆపడానికి అనుమతి మేం రేవులో దిగాక వచ్చింది.

అక్టోబరు 25

సముద్రం కుదుటపడ్డాక యోబు దొరికాడు. రేవు వెనక శ్మశానంలో చోటు అడగడానికి నేనే పంచాయతీకి వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సువార్త ఏడవలేదు. గుంట పూడ్చేదాకా నిలబడి, మట్టి పిడికిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎస్తేరు నా దగ్గరకు వచ్చింది. క్షమించమని అడుగుదామని ఎన్నో మాటలు కూర్చుకుని ఉన్నాను.

"మా వోడు ఇక్కడ ఉండటానికి కూడా టోకెను కావాలాండి?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. అక్కర్లేదని తల అడ్డంగా ఊపాను.

నవంబరు 20

దిమ్మలు ఖాళీ అయ్యాయి. తుఫానుకు సగం నాచు తోటలు పోయాయి. మిగిలినవి ఊడదీసుకుని, పడవలన్నీ ఒక వరసగా కట్టుకుని, గీతకు అవతలి నుంచే దక్షిణంగా వెళ్ళిపోయారు. ఇసకరేవు అనే చోట ఉప్పుటేటి మొగలో ఆగారని మార్కెట్టులో అనుకుంటుంటే విన్నాను. నాకెవరూ చెప్పలేదు.

ధర్మరాజు ఈ రోజు కూడా టైముకు లాంచీ తీశాడు. వద్దనలేదు. దిమ్మల దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, తాడు కట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు.

జనవరి 8

పంటు పోయినందుకు వివరణ ఇవ్వమని కమిటీ పిలిచింది. అదే గది, అదే నెరిసిన జుట్టావిడ.

ఈసారి అంతా చెప్పాను. దిమ్మల మీది వాళ్ళు అందరూ నాకు తెలుసనీ, లాంచీ కోసం తెలియదని చెప్పాననీ, వాళ్ళలో ఒకడు ఈ గీత దగ్గరే చనిపోయాడనీ, అతని పేరు యోబు అనీ చెప్పాను. నా మీద ఏ చర్య అయినా తీసుకోండి, వాళ్ళకు టోకెన్లు ఇవ్వండి అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "మీ బాధ అర్థమైంది సత్యవేణిగారూ. మీరు ఒత్తిడిలో ఉన్నారు. మీ మీద చర్య ఏమీ ఉండదు."

"టోకెన్లు?"

"అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు కదా."

సాయంత్రానికి నిర్ణయం చేతికిచ్చారు. ఒక మనిషి చేత్తో ఆపగలిగాడు కాబట్టి బోయాలు ఇంకా గట్టివి వేస్తారు. గీత వేశాక మా తీరంలో దొంగతనం జరగలేదు కాబట్టి దాన్ని దక్షిణానికి పొడిగిస్తారు. తుల్యభాగకు ప్రయాణికులు లేరు కాబట్టి లాంచీ సర్వీసు రద్దు. దాని సెల్లు కొత్త గస్తీ నౌకకు ఇస్తారు.

ప్రణవ్ మెట్ల దాకా వచ్చాడు. గోడకు ఉన్న పటం వైపు చూపించి, "అది ఇంకా బయటపెట్టలేదు మేడం. నేను లోపలికి వెళ్తున్నాను" అని వెళ్ళిపోయాడు. పటంలో కొత్త గీత ఎర్రగా గీసి ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూశాను. బుర్రలో నిలిచేదాకా చూశాను.

జనవరి 27

పొద్దున్నే బస్సెక్కి ఇసకరేవు వెళ్ళాను. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, బయటి ఇసక మేట మీద గుడిసెలు వేసుకున్నారు. నన్ను చూసి పిల్లలు ఆట ఆపారు. పెద్దవాళ్ళు పలకరించారు, ఎప్పుడొచ్చారండి అని, మంచినీళ్ళు కావాలా అని. గవర్నమెంటు వాళ్ళొస్తే పలకరించినట్టు.

సువార్త మంచినీళ్ళ యంత్రం విప్పి ముందేసుకుని కూర్చుంది. ఎస్తేరు కాస్త దూరంలో వల బాగుచేస్తోంది. తల ఎత్తి చూసి, మళ్ళీ వలలోకి దించుకుంది.

సువార్త పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయే అడిగింది.

"ఇక్కడ కూడా ఏత్తారాండి, ఆ గీత?"

బయటపెట్టకూడని విషయం. ఉద్యోగం పోయే విషయం.

"వేస్తారమ్మా. వచ్చే వేసవికి."

ఆమె చేతిలోని స్పానరు కింద పెట్టింది. "ఎక్కణ్ణుంచి ఎక్కడికండి?"

ఇసకలో వేలితో గీశాను. ఇదిగో ఏరు, ఇదిగో మొగ, ఇదిగో మీ మేట, గీత ఇలా పోతుంది అని. మేట గీతకు బయట పడింది. సువార్త దాన్ని చూసి, "అత్తా!" అని పిలిచింది.

ఎస్తేరు వచ్చి నిలబడింది. సువార్త చెప్పింది. ఎస్తేరు ఇసకలో గీతను చూస్తూ అడిగింది.

"ఏటి లోపలున్నోళ్ళకి అడ్డం రాదాండి?"

"రాదు. మొగ దాటి లోపలికి వెళ్ళిపోండి. పడవలు కూడా లోపలే కట్టుకోండి. గట్టు మీద చిరునామా సంపాదించండి, అద్దె గది అయినా సరే. ఇప్పుడే. గీత వేశాక అడిగితే ఇవ్వరు. వేయకముందే చిరునామా ఉన్నవాళ్ళకు టోకెను ఇవ్వక తప్పదు."

"ఇది మాకు సెప్పొచ్చాండి?"

"చెప్పకూడదు."

ఎస్తేరు తల ఊపింది. ఇంకేమైనా అంటుందని ఎదురుచూశాను. "బస్సుందాండి మీకు?" అని అడిగింది.

"ఇంకాసేపట్లో ఉంది."

"అయితే ఎల్లండి. అది పోతే ఇంకోటి లేదు."

సువార్త అప్పటికే గుడిసెల వైపు పరుగెత్తింది. నేను గట్టెక్కి బస్సులో కూర్చున్నాను. అది కదిలేసరికి జనమంతా నీళ్ళలోకి దిగి మొదటి పడవను మొగలోంచి లోపలికి లాగుతున్నారు. ముందు తాడు పట్టుకున్నది ఎస్తేరు. మోకాలి లోతు నీళ్ళలో ఒరిగి నడుస్తోంది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె ఇటు తిరగలేదు, తాడు వదల్లేదు.